చెవి మలుపు

జూన్ 4

ముందు టైరు మార్చినా చెవి మలుపులో మళ్ళీ జారింది. పడలేదు. ఎడమ కాలు నేలకి దించి, తన్ని, ఆపుకున్నాను. బూటు అడుగు సగం ఊడి నాలుకలా వేలాడుతోంది. సైకిల్ కొట్టుకి వెళ్తే బాబాయి చూసి, "నీ బూటు నాకేదో చాడీ చెప్పాలనుకుంటోందే," అన్నాడు.

కొండ మీద నుంచి దిగే సైకిల్ దారిలో మిగతా మలుపులన్నీ మామూలు మలుపులే. ఇదొక్కటి చెవి అంచులా పెద్ద నల్లరాయిని చుట్టుకుని ఎడమకి తిరుగుతుంది. తిరిగినకొద్దీ బిగుసుకుంటుంది. చివర్లో విసుగొచ్చినట్టు చెక్కవంతెన మీదకి వదిలేస్తుంది. కింద ఇటుకలా గట్టిపడిన మట్టి, దాని మీద ఆవగింజలంత గులక. గట్టిదాని మీద దొర్లేది ఉంటే ఏ రబ్బరుకైనా కష్టమే. పోయినేడు వానలకి ముందు అక్క పడింది ఇక్కడే.

భుజం ఎముక అతికి చాన్నాళ్ళయింది. డాక్టరు చెవిలో చూశాడు, కళ్ళలో లైటు వేశాడు, నేల మీద గీత గీసి నడిపించాడు. అన్నీ బాగున్నాయన్నాడు. అన్నీ బాగున్న మనిషి పొద్దస్తమానం ఎడమకి వాలి కూర్చుంటుందా? గదిలోకి రావాలంటే తలుపుకి కుడివైపు వెడల్పుగా వెళ్ళి, ఎడమ చెక్కని భుజంతో రాసుకుంటూ లోపలికి కోసుకొస్తుందా? గ్లాసు ఒరిగి నీళ్ళు ఒలుకుతుంటే, నిటారుగానే పట్టుకున్నానంటుంది. ఏమైందే అంటే ఒకటే మాట.

"మలుపు ఇంకా అవలేదే."

నా లెక్క ఇది. టైరు మోసం చేసింది, అక్క ఒంటికి నమ్మకం పోయింది. అదే మలుపులో జారని టైరు ఒకటి చూపిస్తే ఒంటికి సాక్ష్యం దొరుకుతుంది. మాటలు వినని దానికి రబ్బరుతో చెప్తాను. వానలు దిగితే దారికి గొలుసు కట్టేస్తారు. ఆలోగా అవ్వాలి.

జూన్ 6

బాబాయి కొట్లో టైర్లన్నీ దించి గోడకి ఆనించాను. ఒక్కొక్క దాని బొడిపెల్లో బొటనవేలి గోరు గుచ్చి చూడటం నా పద్ధతి. గట్టి రబ్బరు గోరుని వెనక్కి తోసేస్తుంది. మెత్తది లోపలికి రానిచ్చి తాపీగా పైకి లేస్తుంది. మెత్తదే గులకలో దూరి నేలని వెతుక్కుంటుంది.

"పళ్ళ బేరమా, టైర్ల బేరమా?" అన్నాడు బాబాయి. నాన్న పోయాక మమ్మల్ని అదిలించే పెత్తనం, నవ్వించే పెత్తనం రెండూ ఆయనవే. "కెమిస్ట్రీ చదివి రబ్బరు గిల్లుతోంది. మీ అమ్మ చూస్తే గిల్లేది నన్ను."

"ముందుకి ఇది వేస్తాను. వెడల్పుది, మెత్తది. వెనక్కి పాతదే ఉంచుతాను."

"ఆ మెత్తది నాలుగు రోజులు రాదే."

"నాకు నాలుగు రోజులు చాలు బాబాయ్."

ఆయన నవ్వడం ఆపేశాడు. తర్వాత తనే రిమ్ముకి టైరు ఎక్కించాడు. "ముందుది మాట వింటే వెనకది దాని తోకలా వస్తుంది. ముందుదే మొండికేస్తే ఎవడూ కాపాడలేడు," అన్నాడు. నాకు తెలిసిందే. అయినా ఎవరో ఒకరు పైకి అంటే బాగుంటుంది.

జూన్ 7

మెత్తది కూడా జారింది. ఇదివరకటి కన్నా ఆలస్యంగా జారింది.

జూన్ 9

సుద్ద పరీక్ష చేశాను. టైరుకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పక్కగోడ మీద అక్షరాల వరకూ సుద్దముక్కతో తెల్లగా పూసి మలుపు తిరిగొస్తే, ఏ బొడిపెల మీద సుద్ద చెరిగిందో అవి పనిచేసినట్టు. తెల్లగా మిగిలినవి కూర్చుని తిన్నట్టు. నేను మానేసిన ఆఫీసుల్లో ఈ పరీక్ష పెట్టి ఉంటే పై అంతస్తు మొత్తం తెల్లగా మిగిలేది.

నడిమి వరస నల్లబడింది. అంచు బొడిపెలు సగం తెల్లగానే ఉన్నాయి. తప్పు వాటిది కాదు. నడిమి వరసకీ అంచుకీ మధ్య ఉన్న చిన్న బొడిపెలు టైరుని ఎత్తి పెడుతున్నాయి. పూర్తిగా వాలేదాకా అంచుకి నేల అందడం లేదు. మధ్యవాళ్ళు అడ్డం పడితే పనులు జరగవని అమ్మ ఊరికే అనదు.

తీసేస్తాను.

జూన్ 10

పొద్దున్నించీ వరండాలో చాప వేసుకుని బ్లేడు, సబ్బునీళ్ళతో అదే పని. మధ్య బొడిపెల్ని ఒకటి విడిచి ఒకటి కోసేశాను. అంచు బొడిపెల మీద, చక్రం దొర్లే దిక్కుగా, ఒక్కొక్క దానికి ఒక్కో గాటు. గాటు పడితే బొడిపె కొద్దిగా విచ్చుకుని, ఒక అంచుకి బదులు రెండు అంచులతో నేలని గీరుతుంది. లోతు ఎక్కువైతే బొడిపె మడతపడి చచ్చిపోతుంది. సగం దాకానే కొయ్యాలి.

అక్క వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎడమ పక్కనే గోడ ఉంది కాబట్టి వాలడానికి వీలు.

"అంచువి లోతుగా కొయ్యకే."

"ఎందుకు?"

"పట్టుకుంటాయి."

"పట్టుకోడానికే కదే నా తిప్పలన్నీ."

"అవును," అంది. బ్లేడు ఆడుతున్నంతసేపూ నా చేతిని కాదు, టైరుని చూస్తూ కూర్చుంది. చుట్టపుచూపుగా వచ్చిన పాత పరిచయస్తుణ్ణి గుర్తుపట్టీ పలకరించనట్టు.

జూన్ 11

జారలేదు!

ఎలా రాయను? వాలిస్తే వాలింది. ఇంకా వాలిస్తే ఇంకా వాలింది. కింద గులక చిటచిటలాడుతోంది, చక్రం మాత్రం గీత మీద పెట్టిన రూళ్ళకర్రలా వెళ్తోంది. భయపడే చోటు వచ్చింది, పోయింది. భుజం రాయికి రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా తిరిగాను. ఎంత హాయిగా ఉందంటే మలుపు కొంచెం పొడుగ్గా కూడా అనిపించింది. హాయిగా ఉన్నవి పొట్టిగా అనిపించాలి కదా, అదొక్కటే వింత. చివర్లో ముందు చక్రం ఒక్క వేలెడు జారింది. ఆ వెంటనే వంతెన.

సాయంత్రం అక్క వంటింట్లోంచి తలుపు మధ్యలోంచి నడిచి వచ్చింది. మధ్యలోంచి! అమ్మ చేతిలో చెంచా కింద పడేసుకుంది. పైకి మాత్రం, "ఆ పళ్ళెం ఇలా ఇయ్యి," అంది. మా ఇంట్లో సంతోషాన్ని పేరు పెట్టి పిలవం, దిష్టి తగులుతుందని.

నేను అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు. టైరు పట్టు నిలిచిందని చెప్పకముందే నడిచింది.

జూన్ 12

ముందు రోజే నా మొహం చూసి గ్రహించి ఉంటుంది. అక్కచెల్లెళ్ళం కదా.

జూన్ 15

గాలి కొంచెం తగ్గించాను. అంచు గాట్లు ఇంకో వెంట్రుకవాసి లోతు చేశాను. మళ్ళీ సుద్ద పూశాను.

నల్లరాయికి చివర్న ఒక పగులు ఉంటుంది. అది కనపడితే మలుపు అయిపోవచ్చినట్టే. ఇవాళ పగులు వచ్చింది. దాని తర్వాత ఇంకా రాయి ఉంది. తిరుగుతున్నాను. రాయి మీద పాకుడు, నేను ఇంతకుముందు ఎప్పుడూ చూడనంత ముదురు ఆకుపచ్చ. ఇంకా తిరుగుతున్నాను. బ్రేకు మీద వేలు కూడా వెయ్యలేదు, అవసరం లేదు, చక్రం ఎంత బాగా పట్టుకుందో! చివరికి చక్రం చిన్నగా జారింది, వంతెన వచ్చింది.

కొట్టుకి వెళ్తే బాబాయి తినేసి చేతులు కడుక్కుంటున్నాడు. "పొద్దున్నే వెళ్ళినదానివి ఎక్కడికి పోయావే? మీ అమ్మకి రెండుసార్లు అబద్ధం చెప్పాను. మూడోది నాకు రాదు."

వాచీ చూసుకోకుండా తిరిగాను, అంతే.

సుద్ద సంగతి రాసి పెట్టుకోవాలి. అంచు బొడిపెలు నల్లగా ఉన్నాయి, సంతోషం. వాటి పైన పక్కగోడ మీద కూడా సుద్ద చెరిగింది. కంపెనీ పేరు అక్షరాల మీది కూడా. ఆ అక్షరాలు నేలకి తగలాలంటే సైకిల్ పడుకోవాలి. పెడలు ముందే నేలని కొట్టాలి, నా మోకాలు చెక్కుకుపోవాలి. మోకాలికి ఏమీ కాలేదు.

గడ్డి తగిలి చెరిగి ఉంటుంది.

జూన్ 16

అక్క తలంటు పోసుకుంది. తనంతట తను.

జూన్ 17

అమ్మ పనిచేసేది కళ్ళద్దాల షాపులో. మనుషుల మొహాలు కాదు, మొహాల మీద ఫ్రేము ఎలా కూర్చుందో చూసే కళ్ళు ఆవిడవి. అన్నం తింటుంటే నా కళ్ళద్దాలు లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. బల్ల మీద బోర్లా పెట్టింది. వేలితో తట్టింది.

"కిందపడ్డావా?"

"లేదే."

"ఫ్రేము శుభ్రంగా ఉంది. మరి నీ మొహం మీదెందుకు వంకరగా ఉంటోంది?"

"నా ముక్కు నాన్న పోలిక అంటావుగా."

"నాన్న ముక్కు లావే గాని వంకర కాదే," అంది. అక్క నవ్వింది. నోరంతా తెరిచి, పాత అక్కలా. ఆ నవ్వు కోసం నా ముక్కుని ఇంకో రెండు వంకర్లు తిప్పినా నాకేం బాధ లేదు.

జూన్ 19

మళ్ళీ వెళ్ళాను. బాగా జరిగింది. అక్క వీధి చివరిదాకా నడిచి, చివర్న తిరిగి, వెనక్కొచ్చింది. తిరిగేటప్పుడు కూడా వాలలేదు. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏం మందు వాడారు?" అని అడిగింది. రబ్బరు అని చెప్పాలనిపించింది.

జూన్ 20

నేనేం వాలడం లేదు. ఈ డైరీకి గీతలు లేవు, అందుకని అక్షరాలు అలా దిగుతున్నాయి.

జూన్ 22

ఇవాళ మలుపుకి పైన కొరియర్ అతను కలిశాడు. పొద్దునపూట డ్యూటీకి ముందు కొండ దిగుతాడు. పార్సిలు ఆలస్యమైనా దిగడం మాత్రం ఆలస్యం చెయ్యడు. "మేడం, మీ గాట్ల టైరు ఎలా తిరుగుతుందో వెనక నుంచి చూడొచ్చా?" అన్నాడు. సరే అన్నాను. నేను ముందు, అతను వెనక.

నేను బయటికి వచ్చేసరికి అతను వంతెన అవతల గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళ సీసా ఖాళీ. నా కన్నా ముందే వచ్చేశాడన్నమాట. నన్ను దాటనే లేదు మరి, ఎలా వచ్చాడు?

"మీరెలా వచ్చారు?" అన్నాను.

"నేనడగాల్సింది అది." మొహం సున్నం కొట్టినట్టుంది. "నా ముందే కదండీ వాలారు. రాయి పక్కన మీరు, మీ వెనకే నేను. నేను వంతెన మీదకి వచ్చేశాను. మీరు లేరు. కింద పడిపోయారేమోనని వాగులోకి దిగి చూశాను. పైకెక్కి మలుపంతా నడిచి చూశాను. చప్పుడు మాత్రం ఉంది మేడం. మీ టైరు చప్పుడు. ఇదిగో వచ్చేస్తున్నారు, ఇదిగో వచ్చేస్తున్నారు అన్నట్టే ఉంది. ఎంతసేపని చూస్తాం?"

"గాలి మహిమ. కొండల్లో చప్పుళ్ళు అలాగే తిరుగుతాయి."

"నేను చదువుకోలేదనుకుంటున్నారా? ఎమ్మే చేశానండీ," అన్నాడు. సైకిల్ భుజానికెత్తుకుని, తొక్కకుండా, నడిచి వెళ్ళిపోయాడు.

జూన్ 23

నిజం రాస్తాను. ఇది నాకోసమే కదా.

పగులు దాటాక మలుపు పోతూనే ఉంటుంది. ఎడమకే. రాయి ఎడమ పక్కనే ఉంటుంది. ఎండ ఎటు నుంచి వస్తోందో తెలియదు, నీడ మాత్రం ఎప్పుడూ నా కిందే. గాలి ఉండదు. భయం ఉండదు, అదే అన్నిటికన్నా ఆలస్యంగా గుర్తొస్తుంది, బయటికొచ్చాక. లోపల ఉన్నప్పుడు, ఇలా వాలి ఉండటమే సరైన కూర్చోవడం అనిపిస్తుంది. నిటారుగా ఉండేవాళ్ళంతా ఏదో కష్టపడి నిలబడుతున్నట్టు.

నేల మీద నా కన్నా ముందు పోయిన చక్రం జాడ ఉంది. చతురస్రం బొడిపెలు, జోడు జోడుగా. అది అక్క పాత టైరు. పోయినేడాది జాడ వానలకి మిగలదు. ఇది తాజాగా ఉంది, అంచుల్లో మట్టి ఇంకా రాలుతోంది.

ముందు ఎక్కడో చప్పుడు కూడా ఉంది. ఇంకొంచెం పట్టు దొరికితే అందుకుంటాను. అక్క అక్కడే ఉంది. ఇంట్లో మా దగ్గరున్నది అక్కలో మిగిలింది మాత్రమే.

జూన్ 25

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అక్క వచ్చి రెండో చివర పట్టుకుంది. దుప్పటి ఇద్దరం పిండాం. అక్క నిటారుగా నిలబడి ఉంది. దుప్పటిలోంచి నీళ్ళన్నీ నా వైపుకే కారుతున్నాయి.

"ఆ టైరు చింపెయ్," అంది.

"ఏ టైరు?"

"నా దగ్గర కూడా నటిస్తావేమే చిన్నదానా? అందరూ జారిపడ్డావు జారిపడ్డావు అంటారు. నా టైరు జారలేదే. జారి ఉంటే మామూలుగా పడేదాన్ని, మామూలుగా లేచేదాన్ని. అది పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. మలుపు అవలేదు. ఎంతసేపు తిరిగానో! ఇంకేం చెయ్యాలో తెలియక హ్యాండిల్ వదిలేశాను. పడ్డాను. పడ్డ నాలో సగమే బయటికొచ్చింది."

తీగ మీద క్లిప్పు పెట్టాను. అది జారి ఎగిరిపోయింది.

"నువ్వు ఇన్నిసార్లు బయటికొచ్చావంటే నీ టైరు ఆఖర్న కొంచెం జారింది కాబట్టే. నువ్వేమో ఆ జారుడుని కూడా కోసి కోసి తీసేస్తున్నావు. నువ్వు వెళ్ళిన ప్రతిసారీ నేను కాస్త వస్తున్నాను. ఆ కాస్తా నువ్వు అక్కడ ఉండిపోతున్నావు. ఇంకొక్కసారి వెళ్ళావంటే నేను పూర్తిగా వస్తాను. నువ్వు రావు."

"నాకేం తేడా లేదు. బాగానే ఉన్నాను."

"అద్దంలో చూసుకో."

"అద్దం మేకు ఒకటి ఊడింది, అదే వంకరగా ఉంది."

అక్క దుప్పటి వదిలేసి నా గడ్డం పట్టుకుంది. నా తలని మెల్లగా, చిన్నపిల్లకి జడ వేసేటప్పుడు తిప్పినట్టు, కుడివైపుకి నిలబెట్టింది. ఆ కాసేపూ డాబా అంతా కుడివైపుకి ఒరిగిపోయింది, పడిపోతానేమోనని అరిచాను. తను చెయ్యి తీసేసింది. డాబా సర్దుకుంది.

"చూశావా?" అంది.

చింపేస్తానని మాటిచ్చాను.

జూన్ 26

చింపలేదు. అంచు గాట్లు అడుగుదాకా దించాను. మడతపడకుండా ప్రతి బొడిపె మొదట్లో ఒక చుక్క జిగురు వేశాను. ఇది నేను చేసిన టైర్లలో ఉత్తమం. అక్క పూర్తిగా వస్తానంది కదా. తనే అంది.

లోపలికి వెళ్ళాక బయటికెలా రావాలో తర్వాత ఆలోచించుకోవచ్చు. నాకు తెలివితేటలకేం తక్కువ?

జూన్ 27

ఎల్లుండి వానలని రేడియోలో చెప్పారు. రేపు పొద్దున్నే వెళ్తాను. అక్క రాత్రి అన్నం నాకు కలిపి పెట్టింది. కాదంటే వినలేదు.

జూన్ 30

కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నా నిటారుగా ఉన్నాయి.

ఇరవై ఎనిమిదిన నిద్ర లేవగానే గది బల్లపరుపుగా ఉంది. అంతవరకూ అది ఒరిగి ఉందని నాకు తెలియదు. కాళ్ళు కింద పెట్టాను. నిలబడ్డాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఆ తేలికకే భయమేసి బయటికి వచ్చాను. వరండాలో సైకిల్ లేదు.

అమ్మ షాపుకి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటోంది. "అక్కేదీ?" అన్నాను.

"తెల్లారగానే సైకిల్ వేసుకుని వెళ్ళింది. ఎక్కడికే అంటే, చెల్లిని తీసుకొస్తానంది. అది మంచం మీదే ఉంది కదే, ఎక్కణ్ణించి తెస్తావని నవ్వాను." అమ్మకి అప్పటికీ మొహంలో నవ్వే ఉంది. నా మొహం చూశాక పోయింది.

కొట్టుకి పరిగెత్తాను. బాబాయికి రెండు ముక్కల్లో చెప్పాను. ఇద్దరం అద్దె సైకిళ్ళు, గాలి పంపు తీసుకుని పైకెక్కాం. మలుపుకి పైన ఆగాం.

చప్పుడు. అంచు బొడిపెలు నేలని కరిచి, ఒలుచుకుని వదిలే చప్పుడు. రాయి వెనక నుంచి వస్తోంది. వస్తూనే ఉంది. కొరియర్ అతను చెప్పినట్టే. ఇదిగో ఇప్పుడు కనపడుతుంది అనిపించే చోటు వస్తుంది. ఏమీ కనపడదు. మళ్ళీ అదే చోటు. బాబాయి రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి చేసుకున్నాడు. "బిడ్డా!" అని ఒక్క కేక వేశాడు. చప్పుడులో ఏ మార్పూ లేదు.

ఆ టైరు జారదు. జారకుండా చేసింది నేనే. అక్క మళ్ళీ చేతులు వదిలేస్తే సగమే వస్తుంది. ఎవరైనా లోపలికి వెళ్ళి మొత్తంగా పడెయ్యాలి. వెళ్ళినవాళ్ళు తప్పకుండా జారాలి.

"బాబాయ్, నీ సైకిల్ ముందు చక్రం చూపించు," అన్నాను.

ఏళ్ళ తరబడి అద్దెకి తిరిగిన టైరు. నడిమి బొడిపెలు అప్పడంలా అరిగి, అంచువి ఎండకి బిరుసెక్కాయి. గోరు గుచ్చితే రాయిలా తిప్పికొట్టింది. కొట్లో ఇంతకంటే చెత్త టైరు లేదు. ఎన్నో రోజులుగా నేను వెతుకుతున్నదానికి సరిగ్గా తలకిందులు.

"గాలి కొట్టు. ఇంకా. రాయి అయ్యేదాకా."

"పేలుతుందే."

"లోపలికి వెళ్ళేదాకా పేలకపోతే చాలు."

ఆయన పంపు మీద ఒళ్ళంతా వేసి కొట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. బాబాయి జీవితంలో ఒక టైరుని కావాలని పాడుచెయ్యడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

వెళ్ళాను. పగులు దగ్గరే ముందు చక్రం గులక మీద సబ్బుబిళ్ళలా జారింది. కాలు దించలేదు. పడకుండా, పట్టు లేకుండా, దొర్లుతూ, మొదటిసారి ఆ మలుపులో భయపడుతూ వెళ్ళాను. భయం ఉన్నంతసేపూ బయటి ఎండ వీపు మీద తెలుస్తూనే ఉంది. ముందు అక్క వీపు. నేలకి ఆనుకుపోయినంతగా వాలి ఉంది, నా వైపు తిరిగిన ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో. నన్ను చూసి గుర్తుపట్టలేదు. "అక్కా, పడవే!" అని అరిచాను. విన్నట్టు లేదు. అప్పుడు ముందు బ్రేకు మొత్తం నొక్కేశాను.

చెత్త టైరు నన్ను మోసం చెయ్యలేదు. అడ్డంగా జారుకుంటూ వెళ్ళి అక్క చక్రాల కింద దూరాను. ఇద్దరం కలిసి, సైకిళ్ళతో సహా, ఒకరి మీద ఒకరు పడి దొర్లాం.

వంతెన పలకల మీద కళ్ళు తెరిచాను. చెయ్యి మణికట్టు దగ్గర కొత్త దిక్కు చూస్తోంది. అక్క నోట్లోంచి మట్టి ఉమ్ముతూ, "బ్రేకు అలాగేనా వేసేది? ఎవరే నీకు నేర్పింది?" అని తిట్టింది. నేర్పింది తనే. బాబాయి మా ఇద్దరి మధ్య కూలబడి, ఒక్కో చేత్తో ఒక్కొక్కరి చెవి పట్టుకుని, చిన్నప్పుడు గోడ దూకి దొరికినప్పటిలా మెలితిప్పి, ఏడ్చాడు.

అద్దె సైకిల్ మాతోపాటే బయటపడింది. నా సైకిల్ లేదు. వాగులో లేదు, గట్టు కింద లేదు. పోతే పోయిందన్నాడు బాబాయి. వెతకడానికి ఎవరం ఆ రాయి పక్కకి వెళ్ళలేదు.

జూలై 2

అమ్మ ఇద్దర్నీ పక్కపక్కన గోడకి నిలబెట్టి చూసింది. స్కేలు కూడా తెచ్చింది. కొలిచి, స్కేలు తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి ఏదో పాట కూనిరాగం వినపడింది.

జూలై 6

వానలు. దారికి గొలుసు కట్టి, మూసివేయబడింది అని బోర్డు తగిలించారు. ఇవాళ తెరిపిచ్చింది. అక్క, నేను గొలుసు దాకా నడిచి వెళ్ళాం. ఎందుకో ఇద్దరం చెప్పుకోలేదు.

వాగు హోరు. దాని మీదుగా ఆ చప్పుడు. ఇంకా తిరుగుతోంది.

భయపడలేదు. ఖాళీ సైకిల్ ఒకటి అక్కడ ఉండిపోయిందని తెలుసు, తిరిగితే తిరగనీ అనుకున్నాను. అక్క కూడా అదే అనుకుని ఉంటుంది, నా చెయ్యి పట్టుకుని తేలిగ్గానే నిలబడింది. కాని నాకున్న పాడు అలవాటు, ఏదైనా సరిగ్గా వినకుండా ఉండలేను. మనిషి లేని చక్రం బొడిపెల మీద గలగలమంటూ ఎగిరెగిరి పోతుంది. మీద మనిషి కూర్చుంటేనే రబ్బరు నేలకి అదుముకుంటుంది, ఒలుచుకుని వచ్చేటప్పుడు తడి ముద్దులా చప్పుడవుతుంది. కళ్ళు మూసుకుని విన్నాను. వాగు హోరుని పక్కకి తోసి మళ్ళీ విన్నాను.

గలగల లేదు. అదుముకుంటోంది, ఒలుచుకుంటోంది. బరువుంది.

అక్క చెయ్యి నా చేతిలో చల్లబడింది.

"అది నేను కాదు," అంది.

నేను అడగలేదు.